కుడి భుజంలో బోరు

డాలస్ పక్కనున్న కాపెల్‌లో మాకో క్రికెట్ లీగ్ ఉంది. ఆదివారం పొద్దున్నే, ఎండ ముదరకముందే, ఒక పార్కులో చాప పరిచిన పిచ్ మీద ఆడతాం. ఆడతాం అన్నాను గానీ నేను ఆడను, అంపైరింగ్ చేస్తాను. మొదట్లో ఆటగాడిగానే చేరాను. మూడో సీజన్ చివర్లో మా కెప్టెన్ నన్ను పక్కకు తీసుకెళ్లి, "అంకుల్, రూల్స్ అన్నీ మీకు బాగా తెలుసు కదా" అన్నాడు. ఒక మనిషిని జట్టులోంచి అంత మర్యాదగా తీసేయడం నేను ఇంకెక్కడా చూడలేదు.

అయితే ఆ పని నాకు అతికినట్టు సరిపోయింది. అప్పటికి నాకు నలభై ఎనిమిదేళ్లు. ఆఫీసు మీటింగుల్లో నేను మాట్లాడుతుంటే అవతలివాళ్లు తమ మైకులతో పాటు మనసులు కూడా మ్యూట్ చేసుకుంటారు. అలాంటి నేను ఆదివారం నాడు ఒక్క వేలు ఎత్తితే చాలు, ముప్పై ఏళ్ల డేటా ఇంజనీరు తల వంచుకుని మైదానం దాటి వెళ్లిపోయేవాడు. ఆ తృప్తి ఎలాంటిదో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. నా సైగలు చాలా ఘనంగా ఉంటాయని పేరు. సిక్స్ ఇస్తే రెండు చేతులూ చెవులకు ఆనుకుని నిటారుగా లేచేవి. అద్దం ముందు సాధన చేసేవాణ్ని. ఈ సంగతి మా ఆవిడకు తెలుసు, బయట చెప్పనని మాటిచ్చింది.

ఒక ఏడాది వేసవిలో కుడి భుజం లోపల సలుపు మొదలైంది. పైన నొక్కి చూస్తే ఎక్కడా దొరకదు. చెయ్యి భుజం ఎత్తు వరకు లేస్తుంది, అక్కడితో ఆగిపోతుంది. బలవంతంగా ఇంకాస్త లేపితే కళ్లముందు మిణుగురులు కనిపిస్తాయి. కాపెల్ తెలుగువాళ్లలో నలభై దాటినవాళ్లకు భుజం నొప్పి వస్తే దాని పేరు ఒక్కటే: ఫ్రోజెన్ షోల్డర్. నాకూ ఆ పేరే పెట్టారు. గోడ మీద వేళ్లు సాలీడులా పైకి పాకించమని ఒకరు చెప్పారు, కేరళ తైలం రాయమని ఇంకొకరు సీసా కూడా ఇచ్చారు. నేను తైలం రాసుకుని ఆ చేత్తోనే గోడ మీద వేళ్లు పాకించాను. హాలు గోడకు నా ఎత్తు వరకు అయిదు జిడ్డు గీతలు పడ్డాయి. మా ఆవిడ ఒక బకెట్టు, ఒక గుడ్డ నా చేతికిచ్చి అవతలకి వెళ్లిపోయింది. భుజానికి అన్నిటికంటే పెద్ద వ్యాయామం ఆ గోడ తుడవడమే అయింది. అర్జెంట్ కేర్ క్లినిక్‌కి వెళితే ఎక్స్‌రే తీసి ఎముక బాగానే ఉందన్నారు. ఎముక బాగుంటే ఇంక భయమేముందని నేను ఆదివారం ఆదివారం అంపైరింగ్‌కి వెళుతూనే ఉన్నాను.

సెమీఫైనల్ నాడు మా స్కోరర్ మా పక్కింటివాళ్ల నాన్నగారు. అనంతపురం దగ్గర ఊళ్లో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఆరు నెలలకని వచ్చి, రెండో వారానికే మా లీగ్ స్కోరు పుస్తకం సొంతం చేసుకున్నారు. గ్రౌండ్ అంచున గొడుగు కింద మడత కుర్చీలో కూర్చునేవారు. ఆయనకొక నియమం ఉంది. తన కంటికి కనిపించింది రాయరు. అంపైర్ ఏం చూపిస్తే అదే రాస్తారు.

క్రికెట్ తెలియనివాళ్లకు ఒక్క మాట చెప్పాలి. అవుట్ అంటే అంపైర్ వేలు తల మీదికి లేవాలి. అదే చెయ్యి భుజం ఎత్తులో పక్కకి చాపితే నో బాల్, అంటే బౌలర్ తప్పుగా వేశాడని, బ్యాట్స్‌మన్‌కి ఏమీ కాదని. ఈ రెండింటికీ మధ్య ఉన్నది భుజం ఒక్కటే.

పదో ఓవర్లో బంతి బ్యాట్ అంచుకి తగిలి కీపర్ చేతిలో పడింది. చప్పుడు పార్కింగ్‌లో ఉన్నవాళ్లకు కూడా వినిపించింది. పదకొండు మందీ నా వైపు తిరిగి అరిచారు. నేను అలవాటు ప్రకారం చెయ్యి విసురుగా లేపాను. అది పక్కకి చాపుకుని భుజం ఎత్తులో ఆగింది. అవుట్ అని నోటితో చెబుదామంటే నొప్పికి "ఆఁ" అని మాత్రం వచ్చింది. బ్యాట్స్‌మన్ చాపిన నా చెయ్యి చూశాడు, నో బాల్ అనుకున్నాడు, పరుగు తీశాడు. కీపర్ అప్పటికే సంబరంగా బంతిని ఆకాశంలోకి విసిరేసి ఉన్నాడు. అది కింద పడి దొర్లేలోపు రెండో పరుగు కూడా అయిపోయింది. గొడుగు కింద మాస్టారు చెయ్యెత్తి, అందిందన్నట్టు సైగ చేసి, నో బాల్, రెండు పరుగులు అని రాసేశారు.

పిచ్ మధ్యలో పంచాయితీ మొదలైంది. నా ఉద్దేశం అవుట్ అని నేను, చూపించింది నో బాల్ అని వాళ్లు. ఎడమ చెయ్యి బాగానే ఉంది కదా, దాంతో ఇవ్వొచ్చు కదా అని ఎవరో అన్నారు. నిజమే, ఏ చేత్తో ఇచ్చినా చెల్లుతుంది. దానికి అభ్యంతరం చెప్పింది బౌలరే. "ఎడం చేత్తో ఇస్తే కలిసిరాదు అంకుల్" అన్నాడు, ప్రసాదం పుచ్చుకునేవాడిలా కుడిచెయ్యి ముందుకు పెట్టి. చివరికి ఆ బంతి మళ్లీ వేయించాం.

అసలు గొడవ చివరి ఓవర్లో జరిగింది. బంతి గీత దాటి వెళ్లి ఎవరిదో మినీవాన్ మీద పడింది. సిక్స్. నా ఎడమ చెయ్యి నిటారుగా లేచింది, కుడి చెయ్యి సగంలో పక్కకి చాపుకుని నిలబడింది. మాస్టారు కుర్చీలోంచి లేచి, పుస్తకం చంకలో పెట్టుకుని, పిచ్ దాకా నడిచి వచ్చారు.

"ఏమప్పా, ఒక చెయ్యి ఆరంటాది, ఇంకో చెయ్యి నో బాలంటాది. రెండూ కలిపి ఏడు రాసుకోవల్లనా?"

నొప్పితో నాకు తల ఆడించడం తప్ప ఏమీ చేతకాలేదు. నిలువుగా ఆడించానో అడ్డంగా ఆడించానో ఇప్పటికీ తెలియదు. ఆయన ఏడు రాశారు. మ్యాచ్ ఒక్క పరుగు తేడాతో తేలింది. ఓడిన జట్టు కెప్టెన్ నా దగ్గరకొచ్చి, కోపాన్ని పంటి బిగువున పట్టి, "ముందు మీరు ఎక్కడైనా చెయ్యి చూపించుకోండి అంకుల్" అన్నాడు.

అలా చెయ్యి చూపించుకోవడానికి ఎముకల డాక్టర్ దగ్గరకి వెళ్లాను. యాభై దాటిన అమెరికన్ ఆవిడ, తక్కువ మాట్లాడే మనిషి. చెయ్యి ఆ పక్కకీ ఈ పక్కకీ తిప్పి, ఫ్రోజెన్ షోల్డర్‌లా అనిపించడం లేదంది. ఎంఆర్‌ఐ తీయించింది. వారం తర్వాత నన్నూ మా ఆవిణ్నీ కూర్చోబెట్టి, తెర మీద నా భుజం బొమ్మ చూపించింది. దండచెయ్యి ఎముక పైకొన గుండ్రంగా బంతిలా ఉంటుంది. ఆ బంతి లోపల ఒక మచ్చ. అక్కడికి రక్తం అందడం ఆగిపోయి ఎముక చచ్చిపోయిందని చెప్పింది. ఎక్స్‌రేలో మొదట్లో ఇది కనపడదట. పైపెంకు ఇంకా గుండ్రంగానే ఉంది, అదే మన అదృష్టం అంది. చచ్చిన ఎముక తనని తాను బాగుచేసుకోలేదు. అలాగే వదిలేస్తే ఏదో ఒకరోజు పెంకు కుంగిపోతుంది, బంతి చొట్టపడుతుంది, ఆ తర్వాత కీలంతా అరిగిపోతుంది.

మనిషి బతికుండగా ఎముక ఒక్కటే ముందు వెళ్లిపోవడం అనేది నేనెప్పుడూ వినలేదు.

ఇక డాక్టర్ కారణం వెతకడం మొదలుపెట్టింది. ఆ భుజం ఎప్పుడైనా విరిగిందా? లేదు. మద్యం? పండగలకి పబ్బాలకి. రక్తానికి సంబంధించిన జబ్బులు వంశంలో ఉన్నాయా? లేవు. సముద్రంలో లోతుకి డైవింగ్ చేస్తారా? లోతు నుంచి తొందరగా పైకి వచ్చేవాళ్లకు కూడా ఇది రావచ్చట. అపార్ట్‌మెంట్‌లో ఉన్న రోజుల్లో స్విమ్మింగ్ పూల్‌లో నడుము లోతు దాకా దిగానని, అందులోంచి కూడా నిదానంగానే పైకొచ్చానని నిజాయితీగా చెప్పాను. ఆవిడ అది రాసుకోలేదు.

స్టెరాయిడ్లు వాడారా అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. నా పొట్ట వంక, సన్నటి చేతుల వంక చూపించి, నన్ను చూస్తే అలా అనిపిస్తోందా అన్నాను. స్టెరాయిడ్లంటే కండలు పెంచేవాళ్ల వ్యవహారమని నా అవగాహన.

మా ఆవిడ ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇంకొకళ్లు బాగుందనుకున్న దాంట్లో తప్పు పట్టడమే ఆవిడ పని. ఆవిడ నా వైపు తిరిగింది.

"ఏవండీ, మరి ఆ తెల్ల మాత్రలో?"

ఆ తెల్ల మాత్రల కథ చెప్పాలి. టెక్సస్‌లో డిసెంబర్ వచ్చిందంటే సీడర్ చెట్ల పుప్పొడి గాలిలో పొగలా లేస్తుంది. నా ముక్కు, కళ్లు నా చేతిలో ఉండవు. ఒక ఏడాది తట్టుకోలేక డాక్టర్ దగ్గరికెళితే అయిదారు రోజులకని చిన్న మాత్రలిచ్చారు. రెండో రోజుకి స్వర్గం. మరుసటేడు ఇండియా నుంచి వస్తున్న ఫ్రెండ్‌కి ఆ మందు పేరు పంపించాను, అట్టలకు అట్టలు తెచ్చాడు. అప్పట్నుంచి ఎవరు ఇండియా వెళ్లినా నాకు ఊరగాయ వద్దు, మాత్రలు తెండి అనేవాణ్ని. కుకీల డబ్బా నిండా ఉండేవి. ముక్కు మూసుకుపోతే ఒకటి, కళ్లు దురద పెడితే రెండు. ఆఫీసులో పెద్ద డెమో ఉంటే ముందుజాగ్రత్తకి ఒకటి. అలా ఆరు చలికాలాలు, నెలల తరబడి, ఎవరినీ అడక్కుండా మింగాను. వాటిని నేను జలుబు మాత్రలు అనేవాణ్ని.

మా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఒక జిప్ కవర్ తీసింది. వాడే మందులన్నీ తెమ్మని క్లినిక్‌వాళ్లు రాశారు కాబట్టి అన్నీ తెచ్చింది. డాక్టర్ ఆ అట్ట తిప్పి పేరు చదివి, అద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఇది స్టెరాయిడే అంది. ఎక్కువ మోతాదులో, ఎక్కువ కాలం వాడినవాళ్లలో కొందరికి ఎముకకు వెళ్లే సన్నటి రక్తనాళాలు మూసుకుపోతాయని, అది ఎలా జరుగుతుందో పూర్తిగా తేలలేదని, నా విషయంలో నూటికి నూరుపాళ్లు ఇదే అని చెప్పలేకపోయినా అనుమానం మాత్రం దీని మీదేనని చెప్పింది. రోజూ వేసుకుంటూ ఉన్నవాళ్లు వీటిని ఒక్కసారిగా ఆపకూడదు కాబట్టి, చివరిసారి ఎప్పుడు వేసుకున్నానో మూడుసార్లు అడిగింది. ఫిబ్రవరిలో అన్నాను. ఇలాంటివాళ్లకు తుంటి ఎముకల్లో కూడా వస్తుందని వాటికీ ఎంఆర్‌ఐ రాసింది. తుంటి బాగానే ఉందని తర్వాత తేలింది. ఆ ఫలితం వచ్చేదాకా నాలుగు రోజులూ మాత్రం నేను కుర్చీల్లో చాలా గౌరవంగా కూర్చున్నాను.

ఇంటికెళ్లి పదహారేళ్ల మా అమ్మాయికి చెప్పాం. అది ఇక్కడే పుట్టింది. "నాన్నా, సో నీ షోల్డర్ డెడ్ ఆ? మనం ఫ్యూనరల్ చేస్తామా?" అంది. మా ఆవిడ, మైల ఎన్ని రోజులు పట్టాలో కూడా కనుక్కోవాలంది. ముగ్గురం నవ్వాం. కాసేపటికి అమ్మాయి నా ఎడమ పక్కన వచ్చి కూర్చుని, ఏ సినిమా పెట్టినా సరేనంది. అది అలా అనడం ఎప్పుడూ లేదు. అప్పుడు అర్థమైంది, అది భయపడిందని.

డాక్టర్ చెప్పిన వైద్యం వింటే మొదట వైద్యంలా అనిపించలేదు. చర్మం మీద చిన్న గాటు పెట్టి, ఎముక లోపలికి సన్నటి డ్రిల్లుతో, చచ్చిన భాగం దాకా రెండు మూడు చిల్లులు వేస్తుందట. లోపల పేరుకున్న ఒత్తిడి తగ్గుతుంది, ఆ దారుల్లో కొత్త రక్తనాళాలు పుట్టుకొస్తాయి, ఎముక మళ్లీ చిగురించే అవకాశం ఉంటుంది. కచ్చితంగా పనిచేస్తుందని మాట ఇవ్వలేను, పెంకు కుంగకముందు చేస్తేనే ఉపయోగం, అప్పటికీ కుంగితే బంతిని తీసేసి లోహంది పెట్టాలి అంది. నేను ఇదంతా మా వీధిలో అందరికీ చెప్పుకుంటూ తిరిగాను, ఎవరికీ సరిగ్గా ఎక్కలేదు. మాస్టారు మాత్రం చెప్పగానే గ్రహించారు. ఆయన దృష్టిలో అది బోరు.

ఆపరేషన్‌కి మూడు రోజుల ముందు సాయంత్రం ఆయన ఇండియన్ స్టోర్‌లో కొన్న కొబ్బరికాయతో మా ఇంటికొచ్చారు. నన్ను హాల్లో కుర్చీలో కూర్చోబెట్టారు. అరచేతిలో కాయను పడుకోబెట్టి, కళ్లు సగం మూసి, నా చుట్టూ నడవడం మొదలుపెట్టారు. ఆయన ఊళ్లో బోరు వేసేముందు నీళ్లెక్కడున్నాయో అలాగే చూస్తారు. నీళ్లున్నచోట కాయ నిలబడుతుంది. మా అమ్మాయి ఫోన్‌లో వీడియో తీసుకుంటానంటే, కదలకుండా తీసుకోమన్నారు.

ఎడమ భుజం దగ్గర కాయ కదల్లేదు. పొట్ట దగ్గర కొంచెం ఊగింది. అక్కడ నీళ్లకి లోటు లేదులే అన్నారు. కుడి భుజం మీదికి వచ్చేసరికి కాయ లేచి నిటారుగా నిలబడింది. ఆయన బొటనవేలు సాయం చేసిందని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. నేను చూడలేదు, చూడదలుచుకోలేదు.

"రెండించుల నీళ్లు పడతాయి పో," అన్నారు మాస్టారు. తర్వాత కాయను ఒళ్లో పెట్టుకుని కూర్చుని, మెల్లగా, "మా చేన్లో ఏడు బోర్లు ఎండిపాయె. ఎనిమిదోది పడె. నువ్వేం దిగులు పడొద్దప్పా" అన్నారు.

నేను లెక్క వేసుకున్నాను. నా భుజంలో ఎనిమిది వేయడానికి చోటు లేదు. అయినా ఆ మాట విన్నాక నాకు ధైర్యం వచ్చింది. ఆ కొబ్బరికాయను మా ఆవిడ మర్నాడు పచ్చడి చేసింది.

ఆపరేషన్ రోజు హాస్పిటల్‌లో ప్రతివాళ్లూ వచ్చి నా పేరు, పుట్టినరోజు, ఏ భుజమో అడిగారు. ఇలా అడగడం మంచి పద్ధతేనని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం అయిదోసారి అడిగేసరికి నాకే అనుమానం వచ్చి మా ఆవిణ్ని అడిగి చెప్పాను. చివరికి డాక్టర్ వచ్చి, కుడి భుజం మీద మార్కర్‌తో సంతకం పెట్టింది. మెడ దగ్గర ఒక ఇంజెక్షన్ ఇచ్చారు. చెయ్యి మొత్తం మొద్దుబారిపోయింది. తర్వాత మత్తు. లేచేసరికి అంతా అయిపోయింది, సాయంత్రానికి ఇంటికి పంపేశారు.

ఆ మొద్దుబారడం మర్నాటి వరకు ఉంటుందని చెప్పారు గానీ, దానితో కాపురం ఎలా చేయాలో చెప్పలేదు. నా చెయ్యి నాది కాదు. ఎవరిదో బరువైన చెయ్యి నా భుజానికి తగిలించినట్టుంది. చొక్కా మార్చుకోవడానికి చేతిని మెడకు వేలాడగట్టిన పట్టీ తీయగానే అది ఊగుతూ వెళ్లి టేబుల్ మీద మజ్జిగ గ్లాసును పడేసి, పెరుగన్నం గిన్నెలో మణికట్టు దాకా దిగి అక్కడే ఉండిపోయింది. చల్లగా ఉందో లేదో కూడా నాకు తెలియలేదు. మేమంతా ఆ చెయ్యి వంక చూస్తూ నిలబడ్డాం. మా ఆవిడ దాన్ని రెండు చేతులతో జాగ్రత్తగా పైకెత్తి, చుట్టపుచూపుగా వచ్చినవాళ్ల చెయ్యి కడిగినట్టు కడిగి, తుడిచి, నాకు తిరిగిచ్చింది.

కొన్ని వారాలు పట్టీలో ఉన్నాక ఫిజికల్ థెరపీ. అక్కడి అమ్మాయి చాలా పొడుగు, చాలా ఉత్సాహం. మొదటి రోజు నా లక్ష్యం ఏమిటని అడిగింది. మిగతావాళ్లు తల దువ్వుకోవాలని, మనవణ్ని ఎత్తుకోవాలని రాసుకున్నారట. నేను మనుషుల్ని అవుట్ చేయాలన్నాను. ఎక్కడి నుంచి అవుట్ అని అడిగింది. క్రికెట్ గురించి చెప్పడం మొదలుపెట్టాను, అది నాలుగు సెషన్ల దాకా సాగింది. అయిదో సెషన్‌కి ఆ అమ్మాయి నా వ్యాయామాలకు వైడ్, నో బాల్, బై అని పేర్లు పెట్టేసింది. వారం వారం చెయ్యి ఎంత లేస్తోందో కోణమానినితో కొలిచేది. తొంభై దగ్గర మొదలైంది. పది డిగ్రీలు పెరిగితే ఇద్దరం ఇల్లు కట్టినంత సంబరపడేవాళ్లం. ఒకరోజు రెండు చేతులూ తల మీదికి లేచేసరికి ఆ అమ్మాయి గట్టిగా "సిక్స్" అంది. పక్క బల్ల మీద మోకాలి ఆపరేషన్ చేయించుకున్న పెద్దాయన, తనని ఆరోసారి మోకాలు మడవమంటోందనుకుని విసుక్కున్నాడు.

ఈలోపు డిసెంబర్ రానే వచ్చింది. కుకీల డబ్బాలో మిగిలినవన్నీ మా ఆవిడ ఫార్మసీలో పాత మందులు పడేసే పెట్టెలో వేసి వచ్చింది. ఆ చలికాలం అలర్జీ డాక్టర్ రాసిచ్చిన స్ప్రేతో, ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కుంటూ గడిపాను. ఒక్కొక్క తుమ్ముకి కొత్త చిల్లులన్నీ లెక్క తెలిసేవి. స్వర్గం కాదు గానీ బతకొచ్చు.

ఏప్రిల్‌లో డాక్టర్ ఒప్పుకున్నాక మళ్లీ మైదానంలోకి దిగాను. కుడి చెయ్యి చెవికి ఆనదు గానీ తలదాటి లేస్తుంది. ఇటు నుంచి చూసినా అటు నుంచి చూసినా అవుట్ అంటే అవుటే. ఆరు నెలలుగా ఆ క్షణం కోసమే ఎదురుచూశాను. ఆ రోజు నా వైపు ఓవర్లలో ఒక్కడంటే ఒక్కడు కూడా వేలు ఎత్తాల్సినట్టుగా అవుట్ కాలేదు. ముగ్గురు బౌల్డ్ అయ్యారు. వికెట్లు ఎగిరిపడ్డాక అంపైర్‌తో ఎవరికి పని? అప్పీళ్లు చాలా వచ్చాయి, అన్నీ నాటౌట్. ఇంటికెళ్లి అద్దం ముందు ఒకసారి ఇచ్చుకున్నాను.

కిందటి నెల, ఆపరేషన్ అయిన ఏడాదికి, మళ్లీ ఎంఆర్‌ఐ తీశారు. నేను పక్కకు చూస్తూ కూర్చున్నాను, మా ఆవిడ తెర వంక చూస్తూ కూర్చుంది. బంతి గుండ్రంగానే ఉంది. మచ్చ పోలేదు గానీ పెరగలేదు, అంచుల్లో కొంత నయమవుతున్నట్టుంది అంది డాక్టర్. ముందు ముందు కుంగదని చెప్పలేను, కుంగితే మార్చడానికి దారి ఉంది, ఏడాది తర్వాత మళ్లీ రమ్మంది. ఆవిడ ఇంతకంటే ఎక్కువ ఎప్పుడూ చెప్పదు. అందుకే ఆవిడ చెప్పింది నమ్ముతాను.

పార్కింగ్‌కి నడుస్తుంటే మా ఆవిడ కారు తాళాలు నాకిచ్చి, ఏడాది నుంచి తనే డ్రైవ్ చేస్తోందని, ఇవాళ తను పక్క సీట్లో కూర్చుని నిద్రపోతానని చెప్పింది. నిజంగానే మొదటి సిగ్నల్ దాటకముందే నిద్రపోయింది. నేను హైవే ఎక్కకుండా లోపలి రోడ్లలోంచి, గుంతలు తప్పిస్తూ, చాలా నెమ్మదిగా ఇంటికి తీసుకొచ్చాను.